సెలవులు పిల్లలవి, సినిమా పెద్దలది

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ సినిమా పేజీలో, పెద్దలకు మాత్రమే అనే 'ఏ' సర్టిఫికెట్ వల్ల పండగ సినిమాల వసూళ్లకు గండి పడుతోందని ట్రేడ్ వర్గాల ఆవేదనంతా కలిపి ఒక కథనం వేశారు. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

ఫ్యామిలీ ఆడియన్స్ రారట. పిల్లల టికెట్లు తెగవట. సోమవారానికల్లా సీడెడ్‌లో, అంటే రాయలసీమలో, బయ్యర్ల చేతికొచ్చే షేర్ పడిపోతుందట. ఏరియాల వారీగా సినిమా కొనుక్కుని అడ్వాన్సులు కట్టిన ఆ బయ్యర్లు నిండా మునుగుతారట. చదువుతుంటే సెన్సార్ బోర్డు వాళ్లు కక్ష కట్టి ఆ ఒక్క అక్షరం వేశారేమో అనిపించింది. అయ్యా, ఆ రిలీజ్ డేట్ వేసుకున్నది ఎవరు? ఎన్ని తలలు తెగుతాయో, ఎంత రక్తం పారుతుందో కథ రాసుకున్న రోజే తెలియదా? అన్నీ తెలిసి, ఏడాది ముందే పండక్కి కర్చీఫ్ వేసి, తీరా సర్టిఫికెట్ వచ్చాక గుండెలు బాదుకుంటే ఎలా?

ఒకసారి క్యాలెండర్ చూడండి. 'సలార్' 2023 డిసెంబర్ 22న వచ్చింది, క్రిస్మస్ సెలవులకి. 'హిట్ 3' 2025 మే 1న, బడులు మూసి వేసవి సెలవులు నడుస్తుండగా. 'కూలీ' అదే ఏడాది ఆగస్టు 14న. మర్నాడు స్వాతంత్ర్య దినోత్సవం, ఆ మర్నాడు కృష్ణాష్టమి, ఆపైన ఆదివారం. 'ఓజీ' సెప్టెంబర్ 25న, దసరా సెలవుల్లో. అన్నీ 'ఏ' సినిమాలే. కాస్త వెనక్కి వెళితే 'అర్జున్ రెడ్డి' 2017లో సరిగ్గా వినాయక చవితి రోజున విడుదలైంది. అప్పుడొక సీనియర్ నాయకుడు బస్సు మీది పోస్టర్ చించి వార్తల్లోకెక్కారు. పోస్టర్ మీద అంత పట్టింపు చూపించారు కానీ, హాల్లో ఎవరు కూర్చున్నారో చూసొద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు.

'కూలీ' సంగతి మరీ విచిత్రం. ఫలానా కోతలకు ఒప్పుకుంటే, పెద్దల తోడుతో పిల్లలూ చూడగలిగే యూఏ ఇస్తామని బోర్డు చెప్పింది. నిర్మాతలు వద్దని 'ఏ' తీసుకున్నారు, విడుదల చేసుకున్నారు, ఆ తర్వాత పిల్లలతో వచ్చే కుటుంబాలు దూరమవుతున్నాయని మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు కొట్టేసింది. కొట్టేయక ఏం చేస్తుంది?

పండక్కి పెద్దలకీ సెలవులే కదా అంటారు. నిజమే. కానీ మన దగ్గర పండక్కి సినిమా అంటే ఇంటిల్లిపాదీ కదులుతారు. పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వెళ్తారు? సెలవులు లేకుండా పెద్దల సినిమా ఆడదనేది కూడా ఒట్టి మాట. 'యానిమల్' 2023 డిసెంబర్ 1న వచ్చింది. పండగా లేదు, పబ్బమూ లేదు. తెలంగాణలో ముందు రోజే పోలింగ్ అయింది, జనం కౌంటింగ్ టెన్షన్‌లో ఉన్నారు. మూడు గంటల ఇరవై నిమిషాల పైన నిడివి. ప్రపంచమంతా కలిపి 900 కోట్లు దాటింది. రెండేళ్ల తర్వాత 'ధురంధర్' కూడా అదే డిసెంబర్ మొదటి శుక్రవారం 'ఏ'తోనే వచ్చి వెయ్యి కోట్లు దాటేసింది. ఆ సినిమాలు మంచివా చెడ్డవా అన్నది వేరే గొడవ, నాకైతే రెండూ నచ్చలేదు. ఉద్యోగం చేసుకునే వయసువాళ్లు వారాంతంలో వాళ్లంతట వాళ్లే వచ్చి చూస్తారు, వాళ్ల కోసం బడులకు సెలవులు ఇవ్వక్కర్లేదు. అంతే నా పాయింటు.

మరి ఇంత తెలిసిన ట్రేడ్ పెద్దలు పండగనే ఎందుకు పట్టుకు వేలాడతారు? మీ కథనం పొరపాటున కూడా ముట్టుకోని సంగతి ఇదే. పిల్లలు రారని వాళ్లకు భయమేమీ లేదు, ఎందుకంటే పిల్లలు వస్తూనే ఉన్నారు. 'ఏ' సినిమాకి పండగ డేట్ పూర్తిగా గిట్టుబాటు కావాలంటే గేటు దగ్గర ఎవరూ వయసు అడగకూడదు. అడగరన్న ధీమాతోనే ఆ డేట్లు వేస్తున్నారు, ఆ రేట్లకు ఏరియాలు అమ్ముతున్నారు.

ఈమధ్య మా ఊళ్లో ఒక మల్టీప్లెక్స్‌కి సెలవు రోజు మ్యాట్నీకి వెళ్లాను. నా ముందు ఒక తండ్రి, పక్కన ఎనిమిదేళ్లు కూడా నిండని పిల్లాడు. గేటు దగ్గరి కుర్రాడు వాళ్ల బ్యాగు జిప్పులన్నీ తీసి చూసి, అడుగున ఉన్న నీళ్ల సీసా బయటపెట్టించాడు. ఫోన్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 'స్క్రీన్ త్రీ, లెఫ్ట్ సార్' అన్నాడు. పిల్లాడి వంక చూడనైనా చూడలేదు. నీళ్ల సీసాకి ఉన్న నిబంధన పసివాడికి లేదన్నమాట. లోపల తెర మీద సర్టిఫికెట్ పడి 'ఏ' అక్షరం కనిపించగానే హాలంతా ఈలలు. మొదటి తల తెగినప్పుడు ఆ తండ్రి అరచేత్తో వాడి కళ్లు మూశాడు. వాడు వేళ్ల సందుల్లోంచి చూస్తూనే ఉన్నాడు. ఇంటర్వెల్‌లో మేనేజర్‌ని అడిగితే 'పేరెంట్సే తీసుకొస్తే మేమేం చేస్తాం సార్' అన్నారు.

ఆయనకు తెలియదో, తెలిసే అన్నారో కానీ, తల్లిదండ్రులు పక్కనుంటే పర్లేదన్నది యూఏ సంగతి. 'ఏ' సినిమాకి ఆ వెసులుబాటు లేదు. పద్దెనిమిది నిండని వాళ్లకు చూపిస్తే 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2023లో ఈ చట్టాన్ని సవరించి యూఏని 7+, 13+, 16+ అని మూడు ముక్కలు కూడా చేశారు. ఉన్న ఒక్క 'ఏ'ని అమలు చేయలేని వాళ్లం ఇప్పుడు ఏడుకీ పదమూడుకీ తేడా చూస్తామట! ఆన్‌లైన్ బుకింగ్‌లో అయితే వయసు గురించి ఒక హెచ్చరిక వస్తుంది. ఓకే నొక్కితే అది మాయం.

అధికారులకు తీరిక లేదంటారా? ఆంధ్రప్రదేశ్‌లో 2021 డిసెంబర్‌లో రెవెన్యూ అధికారులు థియేటర్ల చుట్టూ తిరిగి టికెట్ రేట్లు, క్యాంటీన్ ధరలు, ఫైర్ ఎన్‌ఓసీలు అన్నీ చూసి కొన్నింటికి తాళాలు కూడా వేశారు. తలుచుకుంటే చేయగలరు. ఇప్పుడేమో ప్రభుత్వమే దగ్గరుండి 'ఏ' సినిమాకి బెనిఫిట్ షో టికెట్ వెయ్యి రూపాయలకు అమ్ముకోమని అనుమతి ఇస్తుంది. 'ఓజీ'కి ఇచ్చింది చూశాం కదా. రేటు పెంచుకోండని జీవో ఇచ్చే చేత్తో, పిల్లల్ని రానిస్తే లైసెన్సు పోతుందని ఇంకో లైను రాస్తే సిరా అయిపోతుందా? తెలంగాణ హైకోర్టు 2025 జనవరిలో పదహారేళ్ల లోపు వాళ్లను అర్ధరాత్రి, తెల్లవారుజాము షోలకు రానివ్వొద్దంది. మల్టీప్లెక్సుల వాళ్లు లబోదిబోమన్నారు, కొన్ని వారాల్లోనే సడలింపు వచ్చింది. ఏ వేళ చూడాలన్న దాని మీద అంత వాదన నడిచింది, ఏ సినిమా చూడాలన్న దాని మీద దశాబ్దాలుగా ఉన్న చట్టం ఊసు ఎవరూ ఎత్తలేదు.

పాతరోజుల్లో మార్నింగ్ షో బొమ్మలు వేసేవాళ్లే నయమనిపిస్తోంది. పోస్టర్ మీద 'పెద్దలకు మాత్రమే' అని హీరోయిన్ పేరు కంటే పెద్ద అక్షరాలతో వేసేవారు. దాంతోనే వాళ్లకు గిరాకీ, అది వేరే విషయం. సంక్రాంతి మాకు కావాలని మాత్రం ఏనాడూ అడగలేదు. ఇప్పటి పోస్టర్లలో ఆ 'ఏ' ఏ మూలనుందో భూతద్దం పెట్టి వెతకాలి.

మీరూ తక్కువ తినలేదు. విడుదల రోజున గొడ్డలి పట్టుకున్న హీరో ఫుల్‌పేజీ ప్రకటన మీ మొదటి పేజీ మీదే ఉంటుంది. మర్నాటి రివ్యూలో రేటింగ్ ఉంటుంది, నిడివి ఉంటుంది, ఏ వయసు వాళ్లు చూడొచ్చో ఒక్క ముక్క ఉండదు.

'ఏ' సినిమాను టీవీలో వేయాలంటే ఎలాగూ మళ్లీ కత్తిరించి, వేరే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. శాటిలైట్ డబ్బుల కోసం అప్పుడు కత్తెర పట్టడానికి ఏ దర్శకుడి సృజనాత్మకతా అడ్డురాదు. పండగ డేటే కావాలనుకుంటే ఆ కత్తెరేదో ముందే వేసి యూఏ తెచ్చుకోండి. వేయం, మా సినిమా మా ఇష్టం అంటారా, సంతోషంగా 'ఏ'నే తీసుకోండి, పరీక్షల నెలలోనో సెలవుల్లేని వారంలోనో వేసుకోండి. ఈసారి మీ ట్రేడ్ విలేకరి బయ్యర్ల కష్టాలు రాసేటప్పుడు, ఏదైనా ఒక 'ఏ' సినిమా మ్యాట్నీకి వెళ్లి గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి, లోపలికి వెళ్తున్న పిల్లల్ని లెక్కపెట్టి ఆ అంకె కూడా వేయమనండి.

– ఒక పాఠకుడు, విజయవాడ