పెయింటింగ్ నేర్చుకునే పిల్లల ఊపిరితిత్తుల గురించి, ప్రిన్సిపాల్ గారికి బహిరంగ లేఖ

ప్రిన్సిపాల్ గారికి నమస్కారం.

మా అబ్బాయి మీ ఐటీఐలో ఆటో బాడీ పెయింటింగ్ ట్రేడ్‌లో ఉన్నాడు. కాగితం రాసిచ్చినా జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను. నేనూ విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ చేసేవాణ్ణే, ఈ పని మీద గౌరవంతోనే వాణ్ణి సర్టిఫికెట్ కోసం పంపాను.

ఏడాది కోర్సు సార్ ఇది. పాత డోరు మీద పుట్టీ పెట్టి వాటర్ పేపర్‌తో రుద్దడంతోనే సగం అయిపోతోంది. స్ప్రే గన్ చేతికిచ్చిన రోజున మామూలు షెడ్డులో, ఫ్యాన్ కింద, ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని కొడుతున్నారు. టూకే పెయింట్, అంటే రెండు భాగాలు కలిపి కొట్టే బండి రంగు, గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఒకసారి ఒంటికి అవి పడకుండా పోతే తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం వస్తుంది, ఇక పనే మానుకోవాలి. గుడ్డ దాన్ని ఆపదు. అలా పని వదిలేసిన కుర్రాళ్లను మా షెడ్లలో చూశాను. రాత్రి మావాడు దగ్గుతుంటే వాళ్లమ్మకు ఒకటే టెన్షన్.

గాలిని బయటికి లాగే స్ప్రే బూత్ కట్టించండి, బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కులు ఇప్పించండి. అవి వచ్చేదాకా హార్డెనర్ కలిపిన పెయింట్ పిల్లలతో కొట్టించకండి. ఎప్పటిలోగా చేస్తారో తేదీ వేసి నోటీసు బోర్డులో పెట్టండి సార్.