పంపు విప్పకముందు ఒక్కసారి పొగ చూడరా

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. పాత ట్రాక్టరు స్టార్టు కావడం లేదనీ, రేపోమాపో డీజిల్ పంపు దింపిస్తాననీ రాశావు. ఆ ఒక్క మాటకే గుండె గుభేలుమని వెంటనే కలం పట్టాను. దాని మీద ఇంకా చెయ్యి వెయ్యకురా.

సెల్ఫ్ కొట్టినప్పుడు పొగ గొట్టం వైపు చూశావా? బ్యాటరీ సంగతి రాశావు, ఫిల్టర్లు మార్చానన్నావు, పొగ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్లో పడుతోంది కానీ మండడం లేదు. అసలు పొగే లేదంటే, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళ దాకా డీజిల్ చేరడం లేదు. రెండూ వేర్వేరు జబ్బులు.

అంతకంటే ముందు ఇంజను ఎంత చురుగ్గా తిరుగుతోందో చూడు. దీనికి స్పార్క్ ప్లగ్గు లేదు కదా, గాలిని 16, 17 రెట్లు అణిచినప్పుడు పుట్టే వేడే దీనికి నిప్పు. ఈడుస్తూ తిరిగితే ఆ వేడి పుట్టదు. నిండు బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొడుతుండగా 10 కంటే బాగా కిందికి జారితే బ్యాటరీ నీరసపడినట్టే. అది బాగానే ఉండి కూడా ఈడుస్తుంటే బ్యాటరీ నుంచి బండి చట్రానికి (ఛాసిస్) వచ్చే ఎర్త్ వైరు విప్పి, ఛాసిస్ మీద తుప్పు, రంగు గీకి మళ్ళీ బిగించు. కొత్త బ్యాటరీలు కొనేవాళ్ళు చాలామంది ఈ బోల్టు జోలికే పోరు.

ఇక పొగ లేదనుకో. ట్యాంకు నుంచి మొదలుపెట్టు. మూతకున్న సన్న రంధ్రం పూడిపోతే డీజిల్ దిగదు. ఫిల్టర్లు మార్చావు కాబట్టి డీజిల్ పైపుల్లో ఎయిర్ (గాలి) పట్టి ఉండే అవకాశమే ఎక్కువ. ఫిల్టరు మీది స్క్రూ కాస్త వదులు చేసి, డీజిల్ తోసే చేతిపంపు కొట్టు. ముందు నురగ వస్తుంది. బుడగల్లేని ధార వచ్చేదాకా ఆగకు, ధార కట్టాక కొడుతూనే బిగించు. తర్వాత పంపు దగ్గరి స్క్రూతోనూ అదే పని. రాగి వాషర్లు పాతవే వేసి ఉంటే మార్చెయ్, వాటి సందుల్లోంచే గాలి మళ్ళీ దూరుతుంది.

అప్పుడు నాజిల్ పైపుల నట్లు నాజిల్ చివర ఒక చుట్టు వదులు చేసి, గేరు న్యూట్రల్లో పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి, ఇంకొకరిచేత సెల్ఫ్ కొట్టించి, ఆ నట్ల దగ్గర డీజిల్ చిమ్ముతోందో లేదో చూడు. పది సెకన్లకు మించొద్దు, మధ్యలో సెల్ఫ్ మోటారు చల్లారనివ్వు. చెయ్యి, మొహం దూరంగా ఉంచాలిరా. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన దెబ్బ అది.

నా బండి విషయంలో నేను సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను. పంపు దాకా డీజిల్ నిండుగా వస్తోంది, నాజిల్ నట్ల దగ్గర చుక్క లేదు. పంపు పోయిందని తేల్చేసి పానా కూడా పట్టుకున్నాను. ఎందుకో పక్కనున్న, ఇంజను ఆపే స్టాప్ లివరు మీద వేలు పడింది. అది వెనక్కి రాలేదు! లోపలి తీగ తుప్పు పట్టి, నాబ్ లోపలికి నెట్టినా లివరు మాత్రం ఆపేసిన చోటే ఉండిపోయింది. చేత్తో వెనక్కి తోసి సెల్ఫ్ కొట్టగానే నాలుగు నట్ల దగ్గరా డీజిల్ చిమ్మింది. బిగించగానే ఇంజను అందుకుంది. ఆ శబ్దం విని కళ్ళలో నీళ్ళు తిరిగాయిరా. పంపు ఏ స్థానంలో ఉందో గీత గీసుకోకుండా ఊడదీసి ఉంటే, డీజిల్ చిమ్మే టైమింగ్ కూడా తప్పేది.

తెల్లపొగే వస్తోందంటే ఎయిర్ క్లీనరు, చలిలో స్టార్టుకు వేడినిచ్చే హీటరు, వాల్వు సందులు, ఆ పైన కంప్రెషన్ (గాలి అణిచే బలం) చూడాలి. హీటరు ఉన్న ఇంజనులో, త్వరగా అంటుకోవాలని కొట్టే ఈథర్ స్ప్రే మాత్రం కొట్టకు, పేలుతుంది.

ముందు ఆ లివరు చూడు. పొగ ఏ రంగో, నట్ల దగ్గర తడి కనిపించిందో లేదో రాయి. నీ జవాబు వచ్చేదాకా నాకు మనసు మనసులో ఉండదు.

ఇట్లు,
నీ మిత్రుడు