కర్టెన్ రైజర్ వేరు, ప్రారంభోత్సవం వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

నగరంలో ఏ ఎగ్జిబిషన్ జరిగినా, ఏ ఉత్సవం జరిగినా ప్రారంభోత్సవ వార్తకు 'కర్టెన్ రైజర్' అని హెడ్డింగ్ పెట్టేస్తున్నారు. నిజానికి అది కార్యక్రమానికి ముందే వచ్చే పరిచయ వార్తకు పేరు. దాంతో కార్యక్రమం మొదలైందో, ఇంకా మొదలవాలో పాఠకుడికి అంతుపట్టడం లేదు.

ఈ మాట పుట్టింది నాటకశాలలో. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ థియేటర్లలో అసలు నాటకానికి ముందు ఓ చిన్న నాటిక ఆడేవారు. చాలావరకు ఏకాంకికే. చవక టికెట్లవాళ్లు ముందే వచ్చి గ్యాలరీ నింపేవారు. ఖరీదైన సీట్లవాళ్లు భోంచేసి తీరిగ్గా వచ్చేవారు. ఈలోపు వచ్చినవాళ్లను కూర్చోబెట్టడానికే ఆ నాటిక. ఫ్రెంచివాళ్లు దాన్నే 'లెవె ద రిదో' అన్నారు, అంటే తెర లేపడం. అది అయిపోయాక తెర మళ్లీ పడేది. అసలు కథకూ దానికీ సంబంధం ఉండాల్సిన పని లేదు. కాబట్టి కర్టెన్ రైజర్ అంటే అసలు నాటకంలో మొదటి రంగం కాదు, దానికి ముందు విడిగా ఆడే ముక్క.

మన నాట్యశాస్త్రంలోనూ ఇలాంటిదే ఉంది. నాటకానికి ముందు జరిపే తంతును పూర్వరంగం అంటారు. అందులో తొమ్మిది అంగాలు తెర వెనకే జరుగుతాయి. నాంది (ప్రార్థన), ప్రరోచన వంటివి తెర తీశాక. ఆడబోయేదేమిటో చెప్పి ప్రేక్షకుల్లో ఆసక్తి రేపడమే ప్రరోచన. పత్రికలో కర్టెన్ రైజర్ చేయాల్సిన పని అచ్చంగా ఇదే.

నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్ నుమాయిష్‌నే తీసుకోండి. ఏటా మామూలుగా జనవరి 1న మొదలవుతుంది. డిసెంబర్ 31 పేపర్లో వచ్చేది కర్టెన్ రైజర్, 1వ తేదీ సాయంత్రం జరిగేది ప్రారంభోత్సవం, 2న వచ్చేది దాని వార్త. మొదటిదాంట్లో ఉపన్యాసాలు అక్కర్లేదు. తేదీలు, వేళలు, టికెట్ ధర, ఏ గేటు, పార్కింగ్ ఎక్కడ, గాంధీభవన్ మెట్రోలో దిగాలా నాంపల్లిలోనా అన్నవి ఉండాలి. ముఖ్య అతిథుల పేర్లతోనే సగం కాలమ్ నిండిపోతే ఇవన్నీ ఎగిరిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది 'రేపు', 'ఎల్లుండి'. విలేకరి 30వ తేదీ రాత్రి 'ఎల్లుండి నుంచి' అని రాస్తాడు. పాఠకుడు 31 పొద్దున చదివి జనవరి 2 అనుకుంటాడు. అదే వార్త వెబ్‌సైట్‌లో వారం తర్వాత కూడా 'ఎల్లుండి' అంటూనే ఉంటుంది. దయచేసి కర్టెన్ రైజర్ మొదటి వాక్యంలోనే తేదీని అంకెల్లో, ఏ వారమో పేరుతో సహా వేయించండి.

- ఒక రంగస్థల కార్యకర్త, చిక్కడపల్లి, హైదరాబాద్