కారు పీసీ ఆడియోలో ఈల ఆపిన ముగ్గురికీ కృతజ్ఞతలు

డిక్కీలో చిన్న పీసీ, డాష్‌బోర్డు మీద 7 అంగుళాల టచ్ స్క్రీన్, పీసీకి తగిలించిన, పాటను బయటికిచ్చే యూఎస్‌బీ డాక్, అక్కణ్ణుంచి నాలుగు చానళ్ల ఆంప్ (ఆంప్లిఫయర్). చెన్నైలో ఇలాంటి సెటప్పు బిగించిన మా చిన్న బృందానికి, ఇంజిన్ స్టార్టయిన మరుక్షణం స్పీకర్లలో లేచే సన్నటి ఈల పెద్ద బెడద. అదిప్పుడు పూర్తిగా పోయింది. పోగొట్టినవాళ్లకు అందరి ముందూ దణ్ణం పెట్టుకోవాలని ఈ పోస్టు. ఒకరు జీపీ రోడ్డు పక్క సందులో డైనమోలు, సెల్ఫ్ మోటార్లు బాగుచేసే పెద్దాయన. ఇంకొకరు రిచీ స్ట్రీట్‌లో కాయిళ్లు, కెపాసిటర్లు అమ్మే నెల్లూరు అన్న. మూడోవారు టెలిఫోన్ శాఖలో చేసి రిటైరైన బాబాయి గారు. పేర్లు వద్దన్నారు. కనీసం వాళ్లు చెప్పిన పద్ధతైనా వివరంగా రాస్తే ఇంకో నలుగురికి పనికొస్తుంది.

ముందు పెద్దాయన మాట. ఈల యాక్సిలరేటర్‌తో పాటు పెరుగుతుందా, లేక ఒకే స్వరంలో ఉంటుందా అన్నదే ఆయన మొదటి ప్రశ్న. ఇంజిన్‌తో పెరిగితే అది ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు చేసే డైనమో) నుంచి వచ్చే అలే. ఆల్టర్నేటర్‌లో మూడు ఫేజులు, ఏసీని డీసీగా మార్చే ఆరు డయోడ్లు. ఆరు జతల అయస్కాంత పోళ్లున్న ఆల్టర్నేటర్ ఇంజిన్ కంటే రెండున్నర రెట్లు వేగంగా తిరుగుతుందనుకోండి. బండి నిలబడి ఇంజిన్ ఉత్తగా తిరిగే 800 ఆర్‌పీఎమ్ దగ్గర ఆ అల సుమారు 1200 హెర్ట్జ్, 3000 దగ్గర 4500 హెర్ట్జ్. చెవి బాగా పట్టే చోటే పడుతుంది, అందుకే అంత చిరాకు. బ్యాటరీ మీద మల్టీమీటరును ఏసీ రేంజిలో పెట్టి చూశారాయన. 0.5 వోల్టు దాటితే డయోడ్ పోయిందని అనుమానించాలి, అప్పుడు ఎన్ని ఫిల్టర్లు పెట్టినా దండగ. 0.1 కంటే తక్కువ వచ్చింది. ఆల్టర్నేటర్ మంచిదే, దాని జోలికి పోవద్దని పైసా తీసుకోకుండా పంపేశారు.

అక్కడి నుంచి బాబాయి గారి పని. ఆంప్ ఆపి, డాక్ నుంచి ఆంప్‌కు పాట మోసే ఆర్‌సీఏ వైర్లు పీకి, నడిమి పిన్నును అంచుకు కలిపి సోల్డర్ చేసిన ఉత్త ప్లగ్గులు ఇన్‌పుట్లలో పెట్టించారు. ఆంప్ ఆన్ చేస్తే నిశ్శబ్దం. అంటే ఆంప్‌కూ దాని పవర్ లైనుకూ తప్పు లేదు, శబ్దం సిగ్నల్ వైపు నుంచే వస్తోంది. ఆ తర్వాత పీసీకి ఉన్న ఒక్కో వైరునూ పీకుతూ, ప్రతిసారీ పీసీ కేసుకూ ఆంప్ నెగెటివ్‌కూ మధ్య ఏసీ మిల్లీవోల్టులు కొలిపించారు. ఇంజిన్, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ అన్నీ ఆన్‌లో ఉండాలి. డీసీ తేడా చెవికి వినబడదు, దాని మీద ఊగే అలే వినబడుతుంది, కాబట్టి ఏసీ రేంజే ముఖ్యం. చవక మీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర తక్కువ చూపిస్తాయి. అంకెను నమ్మకుండా వైరు పీకక ముందుకూ పీకిన తర్వాతకూ తేడా చూడమన్నారు.

అన్నీ తగిలించి ఉన్నప్పుడు 24 మిల్లీవోల్టులు. స్క్రీనుకు వెళ్లే హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్, టచ్ కోసం ఉన్న యూఎస్‌బీ కేబుల్ రెండూ పీకగానే 2. ఈల మాయం. ఒక వోల్టు సిగ్నల్ పక్కన 24 మిల్లీవోల్టులంటే 32 డెసిబెళ్లే కింద. పాట ఆగితే చాలు, స్పష్టంగా వినబడుతుంది.

కారణం ఇదీ. స్క్రీన్ కరెంటు సిగరెట్ సాకెట్ నుంచి, దాని నెగెటివ్ డాష్‌బోర్డు కింది బాడీకి. పీసీ నెగెటివ్ డిక్కీలో బాడీకి. ఈ రెండు చోట్ల మధ్య బాడీలో బ్లోయర్, లైట్ల కరెంటు పారుతుంటే కొద్దిపాటి తేడా ఉంటుంది. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ షీల్డు (లోపలి వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగు) ఆ రెండింటినీ కలిపేసరికి కొంత కరెంటు దాని గుండా పీసీలోకీ, పీసీ నుంచి ఆర్‌సీఏ షీల్డు గుండా ఆంప్‌లోకీ దారి చేసుకుంటుంది. ఆర్‌సీఏ వైర్లు మార్చినా, పవర్ వైరు ఎడమ పక్క, సిగ్నల్ వైరు కుడి పక్క లాగినా ఈ రకం ఈల పోదు. అందరూ మొదట చేసేది ఆ పనే. పక్కపక్కన లాగకపోవడం మంచిదే కానీ, ఇలాంటి సెటప్పుల్లో అసలు దొంగ చాలాసార్లు ఇలా రెండు చోట్ల బాడీకి కలిసి ఏర్పడే ఈ ఎర్త్ లూపే.

సరిచేసిన తీరు: స్క్రీనుకు 12 వోల్టులు డిక్కీలోని పీసీ సప్లై నుంచే 1 స్క్వేర్ ఎంఎం జంట వైరుతో లాగాం. ఒక ఆంపియర్ లోడుకు నాలుగు మీటర్ల వైరులో రానూపోనూ 0.15 వోల్టు కూడా పోదు. డాష్‌బోర్డు దగ్గరి నెగెటివ్ పూర్తిగా తీసేశాం. ఇక్కడొకటి మరిచిపోతారు: స్క్రీన్ ఇనుప బ్రాకెట్టు బాడీకి తగిలితే లూపు మళ్లీ మొదలవుతుంది. నైలాన్ వాషర్లు వేశాం. ఎఫ్‌ఎమ్ యాంటెనా షీల్డు కూడా కారు పైకప్పు దగ్గర బాడీకి కలుస్తుంది, ట్యూనర్ పీసీకి తగిలించి ఉంటే అదీ ఒక దారే. నడిమి వైరులో ఒకటి, షీల్డులో ఒకటి 470 పికోఫారాడ్ సెరామిక్ కెపాసిటర్లు వేయించారు బాబాయి గారు. ఎఫ్‌ఎమ్ దాటుతుంది, ఈల దాటదు.

పీసీ, ఆంప్ నెగెటివ్‌లు రెండూ ఒకే ఎమ్8 బోల్టు మీదికి తెచ్చాం. పెయింటు మెరిసే లోహం కనబడేదాకా ఉప్పు కాగితంతో గీకి, రింగ్ లగ్గు, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వేసలిన్ పూయాలి. చెన్నై ఉప్పు గాలికి అది లేకపోతే తుప్పు పడుతుంది. ఆంప్‌కు 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, బ్యాటరీకి అరమీటరు లోపే 40 ఆంపియర్ ఫ్యూజు. పీసీకి 2.5 స్క్వేర్ ఎంఎం, 10 ఆంపియర్ ఫ్యూజు. లూపు తెంచాలని ఆంప్ నెగెటివ్ మాత్రం ఎవరూ తీయకండి. మొత్తం కరెంటు ఆర్‌సీఏ షీల్డు మీద పడి వైరు కాలిపోతుంది.

నెల్లూరు అన్నకు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆర్‌సీఏ మధ్యలో పెట్టి, సిగ్నల్‌ను దాటిస్తూ ఎర్త్‌ను విడదీసే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అడిగితే, అమ్ముకోవచ్చు కదా, అమ్మలేదు. "చిన్న కోర్ ట్రాన్స్‌ఫార్మర్ తమ్ముడూ, పాటలో బేస్ (లోతు శబ్దం) తినేస్తది, ముందు ఎర్త్ చూసుకో, అప్పటికీ పోకపోతే రా" అన్నారు. పీసీ సప్లై ముందు పెట్టడానికి 10 ఆంపియర్లు మోసే 1 మిల్లీహెన్రీ చోక్ (కాయిల్), 4700 మైక్రోఫారాడ్ 35 వోల్టుల కెపాసిటర్ ఇచ్చారు. రెండూ కలిస్తే 73 హెర్ట్జ్ పైన కోత మొదలవుతుంది, 1200 దగ్గరికి అల బాగా సన్నబడుతుంది. కారు లైనులో ఒక్కోసారి వోల్టేజీ ఎగుస్తుంది కాబట్టి 16 వోల్టుల కెపాసిటర్ పెట్టొద్దన్నారు.

ఇంత చేశాక ఇంజిన్ ఆపినా వినబడే సన్నటి 1 కిలోహెర్ట్జ్ కూత ఒకటి మిగిలింది. ఫుల్ స్పీడ్ అనే (సెకనుకు 12 మెగాబిట్ల) యూఎస్‌బీలో ప్రతి మిల్లీసెకనుకూ ఒక ఫ్రేము నడుస్తుంది, ఆ లయే అది. పీసీకీ డాక్‌కూ మధ్య పెట్టిన, ఏడీయూఎమ్4160 చిప్పున్న యూఎస్‌బీ ఐసొలేటర్ బోర్డుతో పోయింది. అది సెకనుకు 12 మెగాబిట్లకు మించి మోయదు. 48 కిలోహెర్ట్జ్ 16 బిట్ స్టీరియోకు ఒకటిన్నర మెగాబిట్లు చాలు గనుక ఇబ్బంది లేదు, కానీ అంతకంటే వేగమైన హై స్పీడ్ యూఎస్‌బీ మాత్రమే పలికే డాక్‌లు దీని వెనక పనిచేయవు. కొనేముందు చూసుకోండి.

చివరగా పీసీ వాల్యూమ్ 85 శాతానికి పెంచి, ఆంప్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) ఆ మేరకు తగ్గించాం.

పెద్దాయనా, అన్నా, బాబాయి గారూ, మీ ముగ్గురికీ మనసారా కృతజ్ఞతలు. బాబాయి గారూ, ఆరు నెలలకోసారి ఎర్త్ బోల్టు విప్పి చూడమన్నారు కదా, మొదటిసారి చూసినప్పుడు రీడింగు మీకు ఫోన్ చేసి చెబుతాం.