ముందు బొమ్మ గీయి

విజయనగరం

అమ్మలూ,

"ఫిజిక్స్ ఫార్ములాలన్నీ వచ్చు నాన్నా, లెక్క చూసేసరికి ఏది వాడాలో తెలియట్లేదు" అన్నావు ఫోన్‌లో. అప్పట్నుంచి నాకదే ఆలోచన. నువ్వు పంపిన నోట్సు ఫొటోలు చూశాను. ప్రతి లెక్కా ఫార్ములాతోనే మొదలుపెట్టావు, బొమ్మ ఒక్కచోటా లేదు. ఇబ్బందంతా అక్కడే ఉంది తల్లీ.

బావిలోంచి మోటారు లాగే లెక్క చూడు. 40 కిలోల మోటారు, నీళ్లలోంచి బయటికొచ్చి తాడుకు వేలాడుతోంది. (నీళ్లలో ఉన్నంతసేపు నీరు కూడా పైకి నెడుతుంది, ఆ సంగతి తర్వాత.) మోటారొక్కదాన్నే గీయి. దాన్ని తాకుతున్నది తాడు, అది పైకి లాగుతుంది. తాకకుండానే కిందికి లాగేది భూమి. రెండే బాణాలు. జి (భూమి లాగడం వల్ల కలిగే త్వరణం) విలువ 10 అనుకుంటే బరువు 400 న్యూటన్లు. మోటారు ఒకే వేగంతో పైకి వస్తుంటే తాడులో టెన్షన్, అంటే తాడు లాగే బలం, ఎంత? నువ్వు 440 రాశావు. పైకి కదులుతోంది కాబట్టి ఎక్కువ బలం కావాలని చాలామందికి అనిపిస్తుంది. కానీ వేగం మారనప్పుడు నికర బలం (పైకి లాగేదానికీ కిందికి లాగేదానికీ తేడా) సున్నా, అందుకే సరిగ్గా 400. వేగం ప్రతి సెకనుకీ 1 మీ/సె చొప్పున పెరుగుతుంటేనే 440.

సర్క్యూట్లకి మన షాపులో సిరీస్ బోర్డు గుర్తు తెచ్చుకో. రిపేరుకొచ్చిన ఫ్యాన్‌ని బల్బుతో సిరీస్‌లో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా, పెడతాను. బల్బు అసలు వెలగకపోతే లోపల ఎక్కడో తీగ తెగింది. నిండుగా వెలిగితే షార్ట్. షార్టయిన ఫ్యాన్‌కి రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం, ఓమ్‌లలో కొలుస్తాం) దాదాపు ఉండదు, 230 వోల్టులూ బల్బు మీదే పడతాయి. సిరీస్‌లో కరెంటు ఒకటే, వోల్టేజీ పంచుకుంటాయి. ప్యారలల్‌లో, అంటే వేర్వేరు దారుల్లో పక్కపక్కన కలిపితే, వోల్టేజీ ఒకటే, కరెంటు పంచుకుంటాయి.

నువ్వు వదిలేసిన లెక్కలో 3, 6 ఓమ్‌లు ప్యారలల్‌లో ఉన్నాయి, వాటికి సిరీస్‌లో 2 ఓమ్‌లు, బ్యాటరీ 12 వోల్టులు. ప్యారలల్‌లో 3, 6 కలిస్తే 2 (వాటి లబ్ధం 18ని మొత్తం 9తో భాగిస్తే). మొత్తం 4 ఓమ్‌లు, కరెంటు 3 ఆంపియర్లు. ఆ జంట మీద 6 వోల్టులు. 3 ఓమ్‌లలో 2 ఆంపియర్లు, 6 ఓమ్‌లలో 1. కూడితే మళ్లీ 3 వచ్చింది చూశావా? ఇలా సరిచూసుకునే అలవాటు ఉంటే పరీక్షలో భయం ఉండదు.

ఇప్పుడు నాకో లెక్క చేసిపెట్టు. 60 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు, రెండూ 230 వోల్టుల ఫిలమెంట్ బల్బులే, సిరీస్‌లో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? వాట్లు చూసి చెప్పేయకు, రెసిస్టెన్స్‌లు కట్టు. ఆదివారం నీ జవాబు విన్నాక వీడియో కాల్‌లో వెలిగించి చూపిస్తాను.

మీ నాన్న