ఓజోన్ యంత్రం గురించి సత్యానికి

రావులపాలెం

ప్రియమైన సత్యం,

నీ ఉత్తరం అందింది. నీళ్ల తొట్టిలోకి ఓజోన్ వాయువును బుడగలుగా వదిలి కూరగాయల మీది పురుగుమందుల అవశేషాలను పోగొడుతుందంటూ మీ భీమవరంలో ఇంటింటికీ తిరిగి అమ్ముతున్న ఓజోన్ యంత్రాన్ని కొనవచ్చునా అని అడిగావు. వద్దు అని ఒక్క మాట రాస్తే నువ్వు ఊరుకునే మనిషివి కావు కనుక, ఇన్నేళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పినవాడిగా కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఓజోన్ బూటకం కాదు. ఫ్రాన్సులోని నీస్ నగరంలో 1906లోనే తాగునీటి శుద్ధికి దానిని వాడారు. అమెరికా ప్రభుత్వం 2001లో ఆహార పదార్థాల మీద వాడటానికి అనుమతించింది. అయితే ఆ అనుమతి సూక్ష్మజీవులను చంపడానికి ఇచ్చినది, పురుగుమందులను తొలగించడానికి కాదు. అమ్మేవాళ్లు ఈ తేడాను చెప్పరు.

ఓజోన్ అణువులోని మూడో ఆక్సిజన్ పరమాణువు నిలకడగా ఉండదు, తగిలిన పదార్థాన్ని ఆక్సీకరిస్తుంది, అంటే ఆక్సిజన్‌తో చర్య జరిపి దాన్ని మార్చేస్తుంది. కాయ పైతోలు మీద ఉన్న మందులు కొన్ని దానివల్ల నిజంగానే విరిగిపోతాయి. అయితే సగంలో ఆగిపోయిన ఆక్సీకరణం ఏం చేస్తుందో చూడు. క్లోరిపైరిఫాస్ వంటి మందుల అణువులో ఫాస్ఫరస్‌ను అంటిపెట్టుకుని ఒక గంధకం ఉంటుంది. ఓజోన్ దానిని తీసి ఆ చోట ఆక్సిజన్‌ను కూర్చోబెడితే తయారయ్యే ఆక్సాన్ అనే పదార్థం, నరాల మీద అసలు మందు కన్నా ఎక్కువ విషప్రభావం చూపుతుంది. చర్య ఇంకా ముందుకు సాగితే అదీ విరుగుతుందనుకో, కానీ ఎంత ఓజోన్ ఎంతసేపు తగిలిందో వంటింటి తొట్టిలో కొలిచేదెవరు? పైగా ఇరవై డిగ్రీల నీటిలోనే ఓజోన్ సుమారు ఇరవై నిమిషాల్లో సగానికి తగ్గిపోతుంది. మన వైశాఖ మాసపు డాబా ట్యాంకు నీళ్లలో అది సరిగా కరగనైనా కరగదు, కరిగినదీ ఇంకా త్వరగా పోతుంది.

అసలు చిక్కు లోపలికి దిగిన మందుతోనే. మా లంకల్లో వంగతోట వేసిన ఏ రైతును అడిగినా మొదట కాయతొలుచు పురుగు గురించే చెబుతాడు. అది కాయలోనే ఉంటుంది కనుక పైపైన కొట్టిన మందుకు ఒక పట్టాన చావదు, పిచికారీల సంఖ్య పెరుగుతుంది. రసం పీల్చే పురుగులకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్, ఎసిఫేట్ వంటివి మొక్క రసంలోనే కలిసిపోతాయి. వాటిని ఏ బుడగల నీళ్లూ బయటికి లాగలేవు. 2017లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆపిల్ పండ్లతో చేసిన పరీక్షలో, ఒక శాతం వంటసోడా నీళ్లు పావుగంటలోపే తోలు మీది రెండు మందులను తొలగించాయి. కానీ అందులో థయాబెండజోల్ అనే మందు ఐదో వంతు అప్పటికే లోపలికి ఇంకిపోయింది. వేల రూపాయల యంత్రం కాకుండా వంటసోడా ఆ పని చేసిందన్నది కూడా గమనించు.

మందు డబ్బా మీద, పిచికారీకీ కోతకూ మధ్య ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది. ఆ గడువు పాటిస్తే లోపలి మందు కూడా మొక్కలోనే చాలావరకు తగ్గుతుంది. కానీ బెండ రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరి సంతలో ఎవరూ ముట్టరు. కౌలు కట్టవలసిన రైతు ఆ కోతను ఎలా వదులుకుంటాడు? అతన్ని ఒక్కడినే తిట్టడం నాకు న్యాయంగా తోచదు.

కనుక ఆ డబ్బు దాచుకో. కుళాయి ధార కింద కాయలను చేత్తో రుద్ది కడుగు, చెక్కు తీయగలిగినవి తీసెయ్యి, ఆకుకూరలను విడదీసి రెండు మూడు నీళ్లు మార్చు. వీలైతే ఒకే రైతు దగ్గర కొంటూ, మందు ఎప్పుడు కొట్టాడో అడుగు.

ఈ ఉత్తరం అందేలోపే కొనేసి ఉంటే మాత్రం, వంటింటి కిటికీలు తెరిచి పెట్టి వాడు, ఆ తరువాత కూరలను మళ్లీ మంచినీళ్లతో కడుగు. ఓజోన్ పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. పనిచేసే చోట గాలిలో పది లక్షల పాళ్లకు 0.1 పాలు మించకూడదని అమెరికాలో నిబంధన ఉంది. నీకసలే ఉబ్బసం. ఘాటు వాసన తగలగానే దానిని ఆపి బయటికి వచ్చెయ్యి.

ఇట్లు,
నీ మూర్తి