ఉపవాసాల అక్క నుంచి వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

ఈ నెలతో నా ఆపరేషన్ అయి ఏడాది. అప్పట్లో మీలో చాలామందికి "గాల్ బ్లాడర్‌లో రాళ్లు, చిన్న ఆపరేషన్" అని చెప్పాను. అబద్ధం. నేను చేయించుకున్నది బరువు తగ్గే ఆపరేషన్, స్లీవ్ అంటారు. అందుకని ముందు క్షమాపణ, ఆ తర్వాతే కృతజ్ఞతలు.

మాది ఒంగోలు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ, అంటే 16 ఏళ్లుగా, బెంగళూరు కృష్ణరాజపురంలోనే ఉంటున్నాం. ఇక్కడి మా తెలుగు క్రైస్తవ సంఘంలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "ఉపవాసాల అక్క" అంటారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఒక్కటీ తప్పేదాన్ని కాదు. ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమ దినాల్లో నలభై రోజులూ సాయంత్రం దాకా మంచినీళ్లే. ఇప్పుడు దాచడం దేనికి, ఆ ఉపవాసాల్లో దేవుడికి పోయింది సగమే. మిగతా సగం మనుషుల కోసం. 102 కిలోల మనిషి సంఘమంతా కలిసి తినే ప్రేమ విందులో రెండోసారి బిర్యానీ పెట్టించుకుంటే పక్కవాళ్లు ఎలా చూస్తారో నాకు బాగా తెలుసు. నేను తిండిపోతుని కాదని చెప్పుకోవడానికి నాకున్న సాక్ష్యం ఉపవాసం ఒక్కటే.

షుగర్ 34వ ఏట వచ్చింది. తర్వాత నిద్రలో ఊపిరి ఆగడం, రాత్రంతా ముక్కుకి మాస్కు, పక్కన గుయ్యిమనే మెషిన్. శ్రమ దినాల్లో ఏడెనిమిది కిలోలు తగ్గేదాన్ని. ఈస్టర్ దాటి మూడు నెలలు తిరక్కుండా పది పెరిగేదాన్ని. ఒక గుడ్ ఫ్రైడే నాడు షుగర్ మాత్ర వేసుకుని పస్తున్నాను. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో నాలుగో మాట దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. షుగర్ 52. ఎవరినీ అడక్కుండా ఆఫీసు గదిలోంచి పంచదార తెచ్చి నీళ్లలో కలిపి తాగించిన చెల్లెలా, మొదటి థాంక్స్ నీకే.

తర్వాత చూసిన డాక్టరు గారు ఒక్క మాట కూడా తిట్టలేదు. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో చూసే లెక్క, నాకు 41 అని చెప్పి, కాగితం మీద జీర్ణాశయం బొమ్మ గీశారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా దాని పైభాగంలోనే తయారవుతుందట. తిండి తగ్గించి బరువు తగ్గినప్పుడు అది పెరుగుతుందట, పోయిన బరువుని ఒళ్లు వెనక్కి లాక్కోవాలని చూస్తుందట. స్లీవ్‌లో ఆ పైభాగంతో సహా దాదాపు 80 శాతం తీసేసి, అరటికాయలాంటి గొట్టం మిగులుస్తారు. ఆ బొమ్మ మడిచి బైబిల్లో పెట్టుకున్నాను. ఇన్నేళ్లూ పస్తులుండి నేను పెంచుకున్నది నా ఆకలినేనా అని ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

అయినా ఆపరేషన్‌కి సరే అనలేకపోయాను. ఆ వారంలోనే ఒక కూటానికి వెళ్తే, బయటి ఊరి నుంచి వచ్చిన బోధకుడు (ఎవరో చెప్పను, అడగొద్దు) దేహం దేవుని ఆలయం, ఆలయంలో ఇటుకలు పీకించుకుంటారా అన్నాడు. ఆయన నన్ను చూసి అనలేదు, ఆయనకి నేనెవరో తెలీదు. కానీ నాకు తగలాల్సిన చోటే తగిలింది. దానికి తోడు సామెతలు 23లో తిండిపోతువైతే గొంతుకి కత్తి పెట్టుకోమని ఉంది కదా, నిద్ర పట్టనప్పుడల్లా అదే గుర్తొచ్చేది. మా ఆయన మాత్రం, "అక్కడా కత్తే, ఇక్కడా కత్తే. డాక్టరైతే మత్తిచ్చి పెడతాడు కదే" అన్నారు. నవ్వొచ్చింది గానీ మూడు నెలలు ఆసుపత్రి ఫోన్ ఎత్తలేదు.

మా పాస్టర్ అయ్యగారూ, ఆయన భార్య అమ్మగారూ ఇంటికొచ్చిన రోజు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. ప్రార్థన చేసి వెళ్తారనుకున్నాను. అయ్యగారు టీ గ్లాసు కింద పెట్టి, "నాకు గుండెలో రెండు స్టెంట్లున్నాయమ్మా" అన్నారు. నాలుగేళ్ల కిందట వెల్లూరు వెళ్లి వేయించుకున్నారట. సంఘానికి మాత్రం సువార్త కూటాలకి వెళ్తున్నానని చెప్పారట. బోధ చేసే గొంతు కాదది, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడి గొంతు. తర్వాత హిజ్కియా సంగతి ఎత్తారు. చావుకి దగ్గరైన రాజుకి దేవుడు ఇంకా 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని మాటిచ్చాడు. ఇచ్చాక కూడా యెషయా ప్రవక్త రాజుకి లేచిన పుండు మీద అంజూరపు పళ్ల ముద్ద కట్టమన్నాడు. "మాటిచ్చిన దేవుడికి ఆ ముద్దతో పనేంటో నాకూ తెలీదమ్మా. కానీ కట్టమన్నాడు, కట్టారు" అన్నారు. ఆ తర్వాతి ఆదివారం తన స్టెంట్ల సంగతి ఆయనే పుల్పిట్ మీద నిలబడి చెప్పేశారు. ఎందుకు చెప్పారో ఆ రోజు సంఘంలో నాకొక్కదానికే తెలుసు. వందనాలు అయ్యగారూ.

అమ్మగారు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "నీ భయం కత్తంటే కాదు, ఉపవాసం పోతుందని" అన్నారు. ఆ మాటకి నెల రోజులు ఆవిడ మీద కోపంగా ఉన్నాను. అదీ ఇప్పుడే చెప్తున్నాను.

డబ్బు సంగతి. ఇన్సూరెన్స్ వాళ్లు ముందు, "ఇది అందం కోసం చేయించుకునేది" అని తిప్పికొట్టారు. సంఘంలో ఒక తమ్ముడు నా పాలసీ కాగితాలు రెండు రాత్రులు చదివాడు. బీఎంఐ 40 దాటినా, లేదా 35 దాటి అదుపులో లేని షుగరో తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నాకున్న ఆ నిద్రలో ఊపిరి ఆగే జబ్బే) ఉన్నా, డాక్టరు సలహా మీద చేసే ఈ ఆపరేషన్‌ని ఆ సాకుతో కాదనకూడదని ఇన్సూరెన్స్ కంపెనీలని అదుపు చేసే ఐఆర్‌డీఏఐ నిబంధనల్లోనే ఉందట. మళ్లీ అర్జీ పెట్టించాడు, చాలావరకు వచ్చింది. మిగిలినదానికి మా స్త్రీల సమాజం ఆ నెల చీటీ పాట లేకుండా నాకు వదిలేసింది. గాల్ బ్లాడర్ అనుకునే వదిలారు. అక్కలూ, అందుకే ముందు క్షమాపణ అన్నది.

మా పక్కింటి కన్నడ ఆంటీకి మాత్రం మొదటి నుంచీ నిజం తెలుసు. గోడలు పల్చన. ఆపరేషన్ తర్వాత రెండు వారాలు తాగేవి తప్ప ఏమీ పనికిరావు, అదీ గుక్కెడు గుక్కెడుగా. ఆవిడ రోజూ కందిపప్పు ఉడికించిన నీళ్లతో తిళిసారు కాచి, పలుకు లేకుండా వడగట్టి, ఫ్లాస్కులో పోసి పంపేది. నాకోసం హనుమంతుడికి మొక్కుకుందట. మొక్కు తీర్చుకొచ్చిన రోజు, నేను ప్రసాదం తీసుకోనని తెలుసు కాబట్టి, వట్టి చేతులతో వచ్చి కాసేపు నా పక్కన కూర్చుని వెళ్లింది. ఆ కాసేపట్లో ఏమీ మాట్లాడలేదు కూడా.

ఇప్పుడు 70 కిలోలున్నాను. షుగర్ మాత్రలు డాక్టరు గారే ఆపించారు. మళ్లీ పరీక్ష చేసి మెషిన్ కూడా అక్కర్లేదన్నారు. అలాగని సులువని ఎవరూ అనుకోవద్దు. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టే. ఒకసారి చికెన్ ముక్క తొందరగా మింగి గంటసేపు గిలగిల్లాడాను. బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం వేసుకోవాలి. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి.

ప్రొటీన్ రోజుకి 60 గ్రాములు తగ్గకూడదు, పూట మానకూడదు అని డైటీషియన్ గట్టిగా చెప్పింది. అంటే శుక్రవారం లేదు. అమ్మగారు అన్నది నిజమే, ఆపరేషన్ కన్నా ఇదే కష్టమైంది. మొదటి శుక్రవారం ప్రార్థన మధ్యలో బాత్రూంలోకి వెళ్లి, తలుపు గడియ పెట్టుకుని ప్రొటీన్ పొడి కలిపిన మజ్జిగ తాగాను. బయటికొస్తే గుమ్మంలో మా సంఘంలో అందరికన్నా పెద్ద మామ్మ. మూతికి అంటిన మజ్జిగ చూసింది. "అక్కడెందుకే, కంపు. ఇక్కడ ఫ్యాన్ కింద కూర్చుని తాగు" అంది. అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం పన్నెండింటికి, అందరూ పస్తున్న హాల్లో, ఫ్యాన్ కింద ఆ మామ్మ పక్కనే కూర్చుని తాగుతున్నాను. ఇప్పటికీ రెండు గుక్కలు సిగ్గుగానే దిగుతాయి.

ఈ ఆదివారం ఆరాధన తర్వాత కృతజ్ఞత భోజనం మా ఇంటి తరఫున. ఆంటీని కూడా పిలిచాను, ఆవిడకి శాకాహారం వేరే వండిస్తున్నాం. వడ్డన నాదే. చివర్న నేనూ మీ పక్కనే కూర్చుంటాను, కాఫీ సాసరంత ప్లేటులో పెట్టుకుని అరగంట తింటాను. "అంతేనా, ఇంకొంచెం పెట్టుకో అక్కా" అని మాత్రం అనకండి.